దాదర్ శాండ్‌విచ్, అక్క క్యారేజీ

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 63. ఆర్టీసీ డిపో గ్యారేజీలో 33 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. భార్య పోయి 14 నెలలైంది. ఒక్కతే కూతురు, పెళ్లయి ముంబయి పక్కన డోంబివిలిలో ఉంటోంది. ఇంట్లో ఈయన ఒక్కరే. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఒక పాత స్నేహితుడి మోటార్ వైండింగ్ షాపుకి స్కూటర్ మీద వెళ్లి, చేతనైన పని చేసి, సాయంత్రం ఇంటికొస్తారు.

రెండు వీధుల అవతల వాళ్ల అక్కగారు ఉంటారు. 69 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏడాదికి పైగా రోజూ ఆటో ఎక్కి వచ్చి తమ్ముడికి అన్నం, పప్పు, కూర, పులుసు క్యారేజీలో పెట్టి ఇచ్చి వెళ్లేవారు. మెట్లెక్కేటప్పుడు ఆవిడ పడే అవస్థ చూడలేక "నేనే ఏదో ఒకటి చేసుకుంటాలే అక్కా" అన్నారట ఈయన. చేసుకోవడం మొదలుపెట్టింది ముంబయి పద్ధతి శాండ్‌విచ్. కూతురు వీడియో కాల్‌లో నేర్పింది. బ్రెడ్డు, కొత్తిమీర పచ్చడి, బంగాళాదుంప, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లిపాయ. తొమ్మిదింటికి చేసి డబ్బాలో పెడితే ఒంటిగంటన్నరకి బ్రెడ్డు నాని ముద్దవుతోంది. చేత్తో పట్టుకుంటే లోపలివన్నీ జారి ఒళ్లో పడుతున్నాయి. నాలుగింటికల్లా మళ్లీ ఆకలి. షాపులో కుర్రాళ్లు "ఏం బాబాయ్, జ్వరమా?" అంటున్నారు.

అసలు గొడవ ఆ తర్వాత. ఒకరోజు అక్కగారు వచ్చి ఆ డబ్బా చూసి, "నీకీ గతేంట్రా తమ్ముడూ" అని అక్కడే కూర్చుని ఏడ్చారు. చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. ఒకరు వంటమనిషిని పెట్టుకోమంటారు, ఒకరు కూతురి దగ్గరికి వెళ్లిపొమ్మంటారు. 12 రోజులుగా అక్కగారు రాలేదు, ఫోన్ ఎత్తడం లేదు. ఆయన అడిగినవి మూడు. ఇది నానకుండా, విడిపోకుండా, కడుపు నిండేలా చేయడం ఎలా? షుగర్ బోర్డర్‌లో ఉంది, ఇంకా మందులు లేవు, రోజూ బ్రెడ్డు తినొచ్చా? అక్కతో ఏం మాట్లాడాలి?

అన్నయ్యగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మీరు వాటిని ఎక్కడెక్కడో వేరే సంగతుల మధ్య రాశారు. ఒకటి మొదటి పేజీలో ఉంది. 2019లో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు దాదర్ స్టేషన్ బయట బండి దగ్గర మీరిద్దరూ ఈ శాండ్‌విచ్ తిన్నారు, మీ ఆవిడ "ఇంకోటి చెప్పండి" అన్నారు. "బయట తిండి ఆవిడ రెండోసారి అడగడం నేను అప్పుడే చూశాను" అని రాశారు. రెండోది చివరి పేజీలో ఉంది. ఆస్పత్రిలో ఆఖరి 20 రోజులూ ఆవిడకి పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు తప్ప ఇంకేదీ గొంతు దిగలేదు, చెంచాతో తినిపించింది అక్కగారే.

మీరు డబ్బాలో పెట్టుకున్నది దాదర్‌లో తిన్న బ్రెడ్డు. అక్కగారికి కనిపించింది ఆస్పత్రిలో తినిపించిన బ్రెడ్డు. అదీ మెత్తగా నాని ముద్దయిపోయి ఉంటే ఆవిడకి ఇంకేం గుర్తొస్తుంది చెప్పండి.

పైగా మన వైపు బ్రెడ్డుకి ఉన్న పేరు మీకు తెలుసు. మన చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తేనే బ్రెడ్డు ప్యాకెట్టు కొనేవాళ్లు. ఆస్పత్రిలో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్తే బత్తాయిలతో పాటు పట్టుకెళ్లేది అదే. షాపులో కుర్రాళ్లు అడిగిన మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే, అందులో చెడు ఉద్దేశం ఉందని నాకు అనిపించలేదు. ముంబయిలో అదే బ్రెడ్డు మధ్యలో ఆరు రకాలు పేర్చి ఆఫీసుల వాళ్లు నిలబడి మధ్యాహ్నం భోజనంగా తింటారు. అక్కగారు ఆ బండి చూడలేదు. మీరు చెప్పనూ లేదు.

అక్కగారి సంగతికి మళ్లీ వస్తాను. ముందు శాండ్‌విచ్ సరిచేద్దాం. ముద్దయిన బ్రెడ్డు చూపించి ఇది భోజనమే అంటే ఎవరూ నమ్మరు.

అమ్మాయి నేర్పింది బండి పద్ధతి. అందులో తప్పేమీ లేదు. కాకపోతే బండి దగ్గర చేసిన రెండు నిమిషాల్లో తినేస్తారు, మీది నాలుగున్నర గంటలు డబ్బాలో ఉంటుంది. అంతసేపట్లో ఏం జరుగుతుందంటే, ఉప్పు తగలగానే కీరా, టమాటా నీళ్లు వదులుతాయి. పచ్చడిలో మీరు మిక్సీ తిరగడానికి పోసిన నీళ్లు ఎలాగూ ఉన్నాయి. ఆ నీరంతా బ్రెడ్డే పీల్చుకుంటుంది. మీ భాషలో చెప్పాలంటే ఇది గ్యాస్కెట్ (లీకవకుండా రెండు భాగాల మధ్య పెట్టే పొర) లేకుండా బిగించిన ఇంజిన్. ఇక్కడ గ్యాస్కెట్ బటర్. మీరు మధ్యలో కొంచెం రాసి వదిలేస్తున్నారని ఉత్తరంలోనే ఉంది. పల్చగానైనా సరే, బ్రెడ్డు అంచుల దాకా రాయాలి. ఎక్కడ ఖాళీ వదిలితే అక్కడ నుంచి నీరు దిగుతుంది. బటర్ రాసే ముందు ప్రతి స్లైసూ పెనం మీద కాల్చుకోండి. రంగు మారేంత అక్కర్లేదు, వేలితో తాకితే పొడిగా గరుకుగా తగిలితే చాలు. పూర్తిగా చల్లారాకే బటర్ రాయాలి. వేడి మీద రాస్తే కరిగి లోపలికి దిగిపోతుంది, పైన పొర మిగలదు.

పచ్చడిలో నీళ్లు పోయకండి. కొత్తిమీర ఒక కట్ట, పుదీనా అందులో సగం, పచ్చిమిర్చి మూడు, చిన్న అల్లం ముక్క, జీలకర్ర, నిమ్మరసం. మిక్సీ తిరగడానికి ఆ నిమ్మరసం చాలకపోతే ఒక ఐస్ ముక్క వేయండి. ఒక గుప్పెడు పుట్నాల పప్పు వేసి రుబ్బితే ఉన్న కాస్త తడినీ అది పట్టేసుకుంటుంది. చెంచా వంచినా జారకుండా ఉండాలి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు వాడుకోవచ్చు.

టమాటాని చక్రాలుగా కోసి గింజలున్న గుజ్జు వేలితో తీసేయండి. కీరా, టమాటా రెండింటినీ పొడి గుడ్డ మీద పది నిమిషాలు పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దండి. వాటి మీద ఉప్పు చల్లకండి. ఉప్పు, చాట్ మసాలా అన్నీ బంగాళాదుంప మీద వేసుకోండి, దుంప నీరు వదలదు. దుంప, బీట్‌రూట్ ముందురోజు రాత్రే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున్న చక్రాలు విరక్కుండా తెగుతాయి. రెండూ ఒకే గిన్నెలో ఉడికిస్తే దుంప ఎర్రబడిపోతుంది, వేరుగా పెట్టండి.

ఇక పేర్చడం. మీది విడిపోవడానికి కారణం, జారే వాటి మీద జారేవి పెట్టడం. కీరా మీద టమాటా, దాని మీద మళ్లీ కీరా పెట్టారు. ఏదీ దేన్నీ పట్టుకోదు. మూడు స్లైసులు తీసుకుని రెండంతస్తులుగా కట్టండి. కింది స్లైసుకి బటర్, దాని మీద పచ్చడి, ఆపైన బంగాళాదుంప చక్రాలు కొద్దిగా అదిమి పెట్టాలి. దుంప జిగురులా పనిచేస్తుంది. దాని మీద బీట్‌రూట్, ఆ మీద గుడ్డు గాని పనీర్ గాని, ఎందుకో కింద చెబుతాను. మధ్య స్లైసుకి రెండు వైపులా బటర్ ఉండాలి. దాని మీద కీరాని పెంకుటిల్లు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి వచ్చేలా పరచండి. టమాటా ఎప్పుడూ కీరాకీ ఉల్లిపాయకీ మధ్యే ఉండాలి, బ్రెడ్డుకి తగలకూడదు. పై స్లైసుకి లోపలి వైపు బటర్, పచ్చడి రాసి మూయండి. పైన ఒక పళ్లెం, దాని మీద చెంబుడు నీళ్లు పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. బరువుకి అన్నీ సర్దుకుంటాయి. అప్పుడు రంపపు పళ్లున్న కత్తితో, కిందికి నొక్కకుండా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కోయండి. ఫాయిల్‌లో కాకుండా బటర్ పేపర్లో గట్టిగా చుట్టి డబ్బాలో పెట్టండి. ఏదీ వేడిగా ఉండకూడదు, వేడిది చుడితే లోపల చెమట పడుతుంది.

ఇది ఓపిగ్గా నేర్చుకోవాల్సిన పనే. మొదటి వారం 40 నిమిషాలు పట్టినా కంగారు పడకండి.

నాలుగింటికి ఆకలి ఎందుకు వేస్తోందంటే, మీరు రాసిన జాబితాలో కూరగాయలు, పిండి తప్ప పప్పుకి బదులైనది ఏదీ లేదు. అక్కగారి క్యారేజీలో పప్పు ఉండేది కదా. మీరు గుడ్డు తింటానన్నారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాముల దాకా ఉంటుంది. రెండు ఉడికించిన గుడ్లు చక్రాలుగా కోసి పెట్టినా, పనీర్ పలకలు పెనం మీద ఎర్రగా కాల్చి పెట్టినా సాయంత్రం దాకా ఆగుతుంది. శనగపిండిలో వాము, ఉల్లిపాయ వేసి పల్చటి అట్టు పోసి, బ్రెడ్డు కొలతకి మడిచి మధ్యలో పెట్టుకున్నా చాలా బాగుంటుంది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. పక్కన చిన్న డబ్బాలో వేయించిన పల్లీలు ఒక గుప్పెడు, ఒక జామకాయ పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఏప్రిల్, మే ఎండల్లో ఉడికించిన గుడ్డు, పనీర్, ఉడికిన దుంప నాలుగున్నర గంటలు మామూలు డబ్బాలో ఉంచడం మంచిది కాదు, పాడవుతాయి. షాపు పక్కన టీ కొట్టులో ఫ్రిజ్ ఉందని రాశారు. వెళ్లగానే డబ్బా అందులో పెట్టమని అడగండి. వాళ్లకి వీలుకాకపోతే ఐస్ ప్యాక్ పెట్టే బ్యాగు కొనుక్కోండి. రెండూ కుదరని రోజు పల్లీల పొడి, కీరా, ఉల్లిపాయతో సరిపెట్టుకోండి. బ్రెడ్డు కూడా గోదావరి ఉక్కకి బయట ఉంచితే రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది, ఫ్రిజ్ కింది అరలో పెడితే గట్టిపడిపోతుంది. కొన్నరోజే మూడేసి స్లైసులు విడివిడిగా కవర్లో చుట్టి పైన ఫ్రీజర్లో పెట్టండి. పొద్దున్న తీసి పెనం మీద వేస్తే తాజాగానే ఉంటుంది.

షుగర్ సంగతి. మూడు స్లైసుల బ్రెడ్డులో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, ఇంచుమించు ఒక కప్పు అన్నంలో ఉన్నంత. దాని మీద దుంప అదనం. కాబట్టి దుంప నాలుగు చక్రాలకి మించి వేయకండి. బ్రెడ్డు రంగు చూసి మోసపోకండి. ప్యాకెట్ వెనక పదార్థాల వరుసలో ఏది ముందుంటే అదే బరువులో ఎక్కువ ఉన్నట్టు. బ్రౌన్ బ్రెడ్ అని పేరుండి లోపల మొదటి పేరు మైదా అయితే అది మైదా బ్రెడ్డే, ఆ రంగు చాలాసార్లు కారమెల్ వల్ల వస్తుంది. మొదటి పేరు గోధుమ పిండి ఉన్నది వెతికి కొనండి. వారంలో మూడు నాలుగు రోజులు తింటే ఎలా ఉందో, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసుకోండి. ఆ కాగితం మీ డాక్టరు గారికి చూపించండి. రోజూ తినొచ్చా లేదా అన్నది ఆ అంకెలు చూసి ఆయన చెప్పాలి, నేను చెప్పేది కాదు.

ఇప్పుడు అక్కగారి విషయం. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఆవిడ దగ్గరికి వెళ్లి "తప్పయింది, మళ్లీ క్యారేజీ పంపు" అనడం ఒకటి. ఆవిడ ఆ సాయంత్రమే వంట మొదలుపెడతారు. కానీ మోకాళ్లు అవే, మెట్లు అవే, మీ మనసులో బాధా అదే. ఆర్నెల్లకి మళ్లీ ఇదే మాట అనాల్సి వస్తుంది, అప్పుడు ఆవిడకి ఇంకా ఎక్కువ తగులుతుంది. అదీ కాక, ఈ 14 నెలల్లో మీ అంతట మీరు మొదలుపెట్టిన పని ఇదొక్కటే అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. దాన్ని వదిలేయమని నాకు నోరు రావడం లేదు.

నా తిండి నా ఇష్టం అని గట్టిగా ఉండిపోవడం రెండోది. ఆ హక్కు మీకుంది. కాకపోతే ఆవిడ ఈ ఏడాదంతా మీకు అన్నం పెట్టడం మీ కోసం ఎంతో, తన కోసమూ అంతే అని నేను అనుకుంటున్నాను. మరదలికి ఆఖరి ముద్ద పెట్టిన మనిషి. తమ్ముడికీ పెట్టొద్దంటే ఆ చేతులు ఏం చేసుకోవాలి? మీరు గెలిచినా ఆవిడ ఇంట్లో కూర్చుని కుమిలిపోతారు.

వంటమనిషి మూడోది. చుట్టాలు చెప్పింది పూర్తిగా తీసేయాల్సిన మాట కాదు. రాత్రి భోజనం మీరు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటున్నానన్నారు, నాకు మధ్యాహ్నం బ్రెడ్డు కన్నా అదే ఎక్కువ కంగారుగా ఉంది. రోజూ ఆ నూనె, ఆ ఉప్పు మీకు మంచిది కాదు. సాయంత్రం ఒక పూట వచ్చి చేసిపెట్టే మనిషి దొరికితే ఆలోచించండి. ఖర్చు ఉంటుంది, వంటింట్లో కొత్త మనిషి తిరగడం మొదట్లో కష్టంగానూ ఉంటుంది, ముఖ్యంగా మీ ఆవిడ సర్దిన డబ్బాలు జరుపుతుంటే. సిద్ధంగా లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి, ఈలోగా కుక్కర్లో పప్పన్నం పెట్టడం నేర్చుకోండి.

నాలుగోది వంతులు వేసుకోవడం. వారంలో నాలుగు రోజులు మీ శాండ్‌విచ్, మూడు రోజులు అక్కగారి వంట. కానీ ఆవిడ మోసుకురాకూడదు. షాపు నుంచి ఒంటిగంటకి మీరే స్కూటర్ మీద వెళ్లి వాళ్లింట్లో కూర్చుని తిని రావాలి. ఆవిడ చేత్తో వడ్డిస్తారు, మీరు తింటుంటే కళ్లారా చూస్తారు, మోకాళ్లకి పని ఉండదు. క్యారేజీలో ఇవన్నీ లేవు కదా. నా మొగ్గు దీనివైపే. ఇందులోనూ ఒక చిక్కుంది. చెప్పిన రోజు మీరు తప్పకుండా వెళ్లాలి. పనిలో పడి రెండుసార్లు మానేస్తే ఆవిడ మళ్లీ ఆటో ఎక్కుతారు.

అమ్మాయి దగ్గరికి వెళ్లిపోవడం గురించి మీరు ఏమీ అడగలేదు. అది తిండి గొడవలో తేలే సంగతి కాదు, పక్కన పెట్టండి.

ఏ దారి ఎంచుకున్నా, ఫోన్ ఎత్తడం లేదని కూర్చోకుండా మీరే వెళ్లండి. చుట్టాల ఫోన్ల గురించి, ఆవిడ ఏడ్చిన దాని గురించి ఎత్తకండి. దాదర్ సంగతి చెప్పండి. బండి ఎక్కడుంది, ఆ రోజు వాన పడుతోందా, మీ ఆవిడ ఏ చీర కట్టుకున్నారు, "ఇంకోటి చెప్పండి" అని ఎలా అన్నారు, అంతా చెప్పండి. నాకు రాయగలిగారు కదా, అక్కకీ చెప్పగలరు. ఆవిడ మళ్లీ ఏడవొచ్చు. మీకూ ఏడుపు రావొచ్చు. రానివ్వండి, ఆ ఇంట్లో మీ ఇద్దరికే మీ ఆవిడ అంతగా తెలుసు. లేదా అక్కగారు ఏమీ అనకుండా కాఫీ పెట్టడానికి లేచి వెళ్లిపోవచ్చు. అప్పుడు వెంటపడి ఒప్పించాలని చూడకండి, కాఫీ తాగి, "బుధవారం మధ్యాహ్నం వస్తానక్కా, వంకాయ కూర చెయ్" అని చెప్పి రండి.

ఒక చిన్న కోరిక కూడా అడిగి చూడండి. ఆవిడ చేసే కందిపొడి గురించి అంత వర్ణించారు కదా. శాండ్‌విచ్‌కి రాసే బటర్‌లో ఆ పొడి అర చెంచా కలిపితే ఎంత బాగుంటుందో తిని చూస్తే గాని తెలీదు. ఒక చిన్న సీసా అడగండి. పచ్చడి మాత్రం మీరే చేసుకోండి, అది మీ చేతి పని.

ఆవిడ రుచి చూస్తానంటే ఒక ఆదివారం ఇంటికి పిలవకుండా మీరే సరంజామా అంతా పట్టుకెళ్లి వాళ్ల వంటింట్లో చేయండి. డబ్బాలో పెట్టింది కాకుండా దాదర్‌లో లాగా అప్పటికప్పుడు చేసి చేతికివ్వండి. ఆవిడకి చేసేటప్పుడు మూడు స్లైసులు వద్దు, రెండు చాలు. చుట్టూ గట్టి అంచులు కోసేయండి, పచ్చడిలో పచ్చిమిర్చి ఒకటి తగ్గించండి. బ్రెడ్డు మెత్తగా వదిలేయకుండా రెండు వైపులా కరకరలాడేలా కాల్చండి.